చేబదులు పాటలు

రికార్డును ఎవరికైనా ఇస్తే అది ఇచ్చినట్టుగా తిరిగి రాదు. ముల్లు నడిచిన ప్రతిసారీ గాడి కంటికి కనిపించనంత అరుగుతుంది. పుస్తకాన్ని పదిమంది చదివినా అక్షరం తరగదు గానీ, రికార్డును ఎదుటివాళ్లు విన్నంత మేర మన వాటాలోంచి పోయినట్టే. ఆ సంగతి బాగా తెలిసిన మనుషులే, అడిగినవాళ్లకు తమ దగ్గరున్న వాటిలోకెల్లా మంచి రికార్డును తువ్వాలలో చుట్టి చేతిలో పెట్టేవాళ్లు. మా సాతంరాయిలో నేను వాళ్ల మధ్య పెరిగాను. పాట అంటే నాకు ఇప్పటికీ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందే వస్తువే.

ఇప్పుడు సాతంరాయి అంటే ఎయిర్‌పోర్టుకు పోయే తోవలో కారు అద్దంలోంచి కనిపించి దాటిపోయే ఊరు. ఆరాంఘర్ దాటి, గగన్‌పహాడ్ దాటి, శంషాబాద్ ఇంకా రాకముందే వస్తుంది. 2008 మార్చిలో బేగంపేట విమానాలు ఇటు మళ్లాక ఊరు రూపే మారిపోయింది. నేను చెప్పేది అంతకు చాలా ముందరి ముచ్చట. అప్పట్లో చీకటి పడ్డాక బెంగుళూరు రోడ్డు మీద లారీల మోత, ఉమ్దానగర్ స్టేషన్ దిక్కు నుంచి మీటర్‌గేజి బండి కూత తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు. పంతులు సారు ఇంటి ముందర అర్రలో రికార్డు పెడితే రోడ్డవతల చింతచెట్టు కింద కూర్చున్నవాళ్లకూ మాటలతో సహా వినిపించేది.

శనివారం రాత్రి బువ్వలు తిన్నాక ఆ అర్రలో అందరూ జమయ్యేవాళ్లు. సారు బడిపంతులుగా రిటైరైన మనిషి. ఆయన దగ్గర మొదట చావి ఇచ్చి తిప్పే గ్రామఫోను ఉండేది. ఊళ్లోకి కరెంటు వచ్చాక కొన్నాళ్లకు హెచ్ఎంవీ ఫియస్టా ప్లేయరు కొన్నాడు. పాత పెట్టెను మాత్రం తీసెయ్యలేదు, 78 వేగంతో తిరిగే పాత రికార్డులకు అదే ఉండాలనేవాడు. ఉర్దూ మీడియం బడిలో చెప్పే మౌల్సాబ్ వచ్చేవాడు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గుమాస్తా ఒకాయన, ఉమ్దానగర్ స్టేషన్‌లో పనిచేసే గుంతకల్లు మనిషి ఒకాయన, బెంగుళూరు లైను మీద లారీ నడిపే మా మేనమామ. వీళ్లు కాక వచ్చేపోయేవాళ్లు. ఎవరి దగ్గరా పెద్ద సొత్తేమీ లేదు, తలా కాసిని రికార్డులు. అందరివీ కలిస్తేనే అదొక ఖజానా అయ్యేది.

రేడియో ఉంది కదా అని అనుకోవచ్చు. ఉంది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి మరీ వినేవాళ్లం. సాయంత్రం రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం, బుధవారం రాత్రి అమీన్ సయానీ గీత్‌మాలా కోసం ఊరు ఊరంతా చెవులు రిక్కించేది. కానీ రేడియోలో వాళ్లు పెట్టిందే వినాలి. మనసుకు పట్టిన పాటను వెంటనే ఇంకొకసారి వినాలంటే రికార్డు ఒక్కటే దిక్కు, ఆ రికార్డేమో ఎవరో ఒకరి ఇంట్లో ఉండేది.

ఆ అర్రకు కొన్ని మర్యాదలు ఉండేవి. ఎవరూ రాసి పెట్టినవి కావు, చూసి నేర్చుకున్నవే. రికార్డును అంచు మీద, నడుమ లేబుల్ మీద తప్ప వేలు తగలనివ్వకుండా పట్టుకోవాలి. పాట నడుస్తుండగా మాట్లాడొద్దు. నచ్చకపోయినా సగంలో ముల్లు ఎత్తమని అనొద్దు, తెచ్చినవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. మళ్లీ వినాలనిపిస్తే అడగాల్సింది పెట్టె యజమానిని కాదు, రికార్డు తెచ్చిన మనిషిని. ఎందుకంటే అరిగేది ఆయనది. మౌల్సాబ్ అయితే అడిగేదాకా ఆగేవాడు కాదు, మా ముఖాలు చూసి తనే అనేవాడు, "ఇంకోసారి పెట్టు సారూ, పోరలకు ఇంకా ఆకలి తీరలే."

ముల్లు సంగతి ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. 78 రికార్డుకు వాడే ఉక్కు ముల్లును ఒక్కో వైపు వినగానే తీసి పారేసి కొత్తది బిగించాలి. ఆ రికార్డు లక్కతో చేసింది. లక్కలో రాతిపొడి కలుపుతారు. ఆ పొడి గరుకుదనానికి మెత్తటి ఉక్కు ముల్లే అరిగి గాడి కొలతకు సరిపోతుంది. రెండోసారి వాడితే అరిగిన కొస పదునుదేలి గాడిని కోస్తుంది. కుక్క బొమ్మ ఉన్న చిన్న రేకు డబ్బీల్లో ముళ్లు అమ్మేవాళ్లు. సుల్తాన్‌బజార్ పోయినవాళ్లు ఎవరైనా ఒక డబ్బీ తెచ్చి సారు గూట్లో పెట్టేవాళ్లు. వాడేసిన ముళ్లు వేయడానికి వేరే సీసా ఉండేది. పిల్లల కాళ్లకు గుచ్చుకుంటాయని సారు వాటిని నేల మీద పడనిచ్చేవాడు కాదు.

ఆడవాళ్లు అర్రలోకి వచ్చి కూర్చునేవాళ్లు కాదు, కాలం అట్లాంటిది. లోపలి దర్వాజ దగ్గరా వంటింట్లోనూ ఉండి వినేవాళ్లు. ఏ పాట కావాలో మా పిల్లలతో చెప్పి పంపేవాళ్లు. వాళ్లు ఎక్కువగా కోరేది రావు బాలసరస్వతీదేవి పాటలే. సాలూరి రాజేశ్వరరావుతో కలిసి ఆమె సినిమాలతో సంబంధం లేకుండా పాడిన లలితగీతాలు సారు దగ్గర కొన్ని ఉండేవి. నా దృష్టిలో తెలుగు పాటకు మెత్తగా మాట్లాడడం నేర్పింది ఆ జంటే. తర్వాత మల్లీశ్వరిలో విని ఊరంతా మురిసిపోయిన సొగసు వీటిలో అప్పటికే ఉంది. మొత్తం ఇంట్లో అందరికంటే గట్టి చెవి సారు ఇల్లాలిది. చావి పెట్టెలో స్ప్రింగు బిగువు తగ్గేకొద్దీ తిరగడం మందగించి శ్రుతి దిగుతుంది. ముందు కూర్చున్న మగవాళ్లకు తెలియకముందే వంటింట్లోంచి ఆమె గొంతు వచ్చేది, "చావి తగ్గింది, జర తిప్పుండ్రి." సారు లేచి హ్యాండిల్ తిప్పేవాడు. ఆమె చదువుకోలేదు, పాట నేర్చుకోలేదు. అయినా ఆ ఇంట్లో శ్రుతి కాపాడింది ఆమే.

మా మేనమామ తెచ్చే రికార్డులకు వేరే చరిత్ర ఉండేది. బెంగుళూరు నుంచి బొంతలో చుట్టి, సీటు వెనక నిలబెట్టి తెచ్చేవాడు. క్యాబిన్ వేడికి ఎల్పీ ఒక్కోసారి వంగేది. అప్పుడు సారు దాన్ని రెండు మందపాటి అద్దాల మధ్య పెట్టి, కాసేపు ఎండ చూపించి, మీద బరువు పెట్టి రాత్రంతా ఉంచేవాడు. అప్పటికీ ముల్లు ఎగిరితే పికప్ తల మీద పాత అణా బిళ్ల పెట్టేవాడు. కన్నడంలో రాజ్‌కుమార్‌కు పాడిన పి.బి. శ్రీనివాస్ పాటలు మేం మొదట విన్నది ఆ రికార్డుల్లోనే. భాష రాదు. అయినా గొంతు వినగానే గుమాస్తా ఆయన ఎగిరి కూర్చున్నాడు, "ఈయన మన కాకినాడ ఆయనే కదా!" ఆయన సొంతూరూ కాకినాడే. ఆ రాత్రి మరో రికార్డు పెట్టనివ్వలేదు.

మౌల్సాబ్ తెచ్చేవి సైగల్, తలత్ మహమూద్, మన హైదరాబాదు ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ. అన్నిటికంటే ఆయనకు ప్రాణమైనది కలకత్తా మెగాఫోన్ కంపెనీ వేసిన ఒక పాత 78. లేబుల్ మీద అఖ్తరీబాయి ఫైజాబాదీ అని ఉండేది. బేగం అఖ్తర్‌గా లోకం ఎరిగిన ఆమెకు పెళ్లికి ముందరి పేరు అది. పెళ్లయ్యాక ఆమె కొన్నేళ్లు పాట మానేసిందనీ, పాడనిదే ప్రాణం నిలవని స్థితి వచ్చి మళ్లీ మైకు ముందుకు వచ్చిందనీ ఆయన చెప్పేవాడు. కొత్త ఎల్పీ ఒకటీ, ఆ పాత 78 ఒకటీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టించి, మధ్యలో ఏళ్లు ఆ గొంతును ఏం చేశాయో వినమనేవాడు. ఉర్దూ సగమే అర్థమయ్యే మా మేనమామ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

1974 మా అర్రకు గడ్డుకాలం. ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల పోయాడు. ఆ శనివారం రావాల్సినవాళ్లే కాదు, ఎన్నడూ రానివాళ్లు కూడా వచ్చారు. అర్ర నిండి, అరుగు నిండి, వాకిట్లో నిలబడ్డారు. తమ దగ్గర ఉన్న ఒకే ఒక్క రికార్డును పట్టుకొచ్చినవాళ్లు ఉన్నారు. ఆ ఇళ్లలో అది వినడానికి పెట్టె కూడా లేదు, కొనుక్కుని దాచుకున్నారంతే. పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలు, సినిమా పాటలు, వెంకటేశ్వరుడి పాటలు. ఎవరిది ముందు, ఎవరిది వెనక అనే మాట రాలేదు. సారు ఒక్కొక్కరి చేతిలోంచి తీసుకుని, లేబుల్ పైకి చదివి, కొత్త ముల్లు బిగించి పెట్టాడు. చివరికి డబ్బీలో ముళ్లు అయిపోయాయి. "ఇగ కొత్త పాట రాదు. ఉన్నయే పైలంగ చూసుకోవాలె" అన్నాడు. అదే ఏడాది అక్టోబరు 30న అహ్మదాబాదులో బేగం అఖ్తర్ పోయింది. ఆ వారం మౌల్సాబ్ వచ్చాడు గానీ రికార్డు తేలేదు. ఎవరూ అడగలేదు. సారు తన అలమారలోంచి ఆమె ఎల్పీ తీసి పెట్టాడు. ఎప్పుడు తెప్పించి పెట్టుకున్నాడో మాకెవరికీ తెలియదు.

ఘంటసాల పోయాక ఆయన పాడిన భగవద్గీత రికార్డు వచ్చింది. దాని గురించి కొంచెం నిలబడి చెప్పాలి. మన దగ్గర ఏ ఇంట్లో మనిషి పోయినా ఇవాళ్టికీ ఆ గొంతే వినిపిస్తుంది. ఆ ఆచారం మొదలైన రోజుల్లో మా ఊళ్లో ఆ ఎల్పీ సారు దగ్గర ఒక్కటే ఉండేది. తెల్లవారుజామున ఎవరైనా వచ్చి అరుగు ముందర నిలబడితే ఎందుకొచ్చారని అడగాల్సిన పనే ఉండేది కాదు. సారు ప్లేయరుతో సహా ఎత్తి ఇచ్చేవాడు, తోడుగా నన్నో ఇంకో పిల్లగాడినో పంపేవాడు. శవం లేచేదాకా ఒక వైపు అయితే ఇంకో వైపు తిప్పుతూ కూర్చునేవాళ్లం. పొద్దంతా నడిచేది. దుమ్ము, ఊదుబత్తి బూడిద, మీద పడే పూల రెక్కలు. ఎల్పీకి ఇంతకంటే చెడ్డ వాడకం ఉండదు. సంగీతం మీద ప్రాణం పెట్టుకున్న మనిషి, రికార్డు మీద వేలిముద్ర పడితే ఊరుకోని మనిషి, ఆ ఒక్కదాని విషయంలో ఎన్నడూ ఒక్క మాట అనలేదు. తిరిగి వచ్చాక తడిపి పిండిన మెత్తటి గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడిచి, ఆరబెట్టి, అట్టలో పెట్టేవాడు. కొన్నేళ్లకు అందులో గొంతు కంటే గరగర ఎక్కువైంది. అయినా కొత్తది కొనాలన్న ఆలోచనను ఊరివాళ్లే ఒప్పుకోలేదు. తమ తల్లికి, తమ తండ్రికి మోగింది అదేనని వాళ్ల పట్టు.

పెళ్లిళ్లకు, బోనాలకు మైకుసెట్టువాళ్లు వచ్చేవాళ్లు. అహూజా ఆంప్లిఫైయరు, వేపచెట్టుకు కట్టిన బూరలు, చెక్కపెట్టె నిండా రికార్డులు. మైకుసెట్టు పిల్లగాడికి సారు ఇంట్లో మంచి మర్యాద ఉండేది. ఊరూరా తిరుగుతాడు కాబట్టి కొత్తగా ఏ పాటలొచ్చాయో ముందు అతనికే తెలుస్తుంది. ఒక రాత్రికి రికార్డులు మార్చుకునేవాళ్లు. 1975 తర్వాత సినిమా మాటల రికార్డుల జోరు వచ్చింది. ముత్యాలముగ్గు, షోలే, దానవీరశూరకర్ణ. మా ఈడు పిల్లలకు అవన్నీ కంఠతా వచ్చేవి. పాటల పెట్టెలో మాటలేమిటని గుమాస్తా ఆయన విసుక్కునేవాడు. సారు మాత్రం కొండవీటి వెంకటకవి రాసిన మాటలను పద్యం విన్నట్టు కళ్లు మూసుకుని వినేవాడు. ఆ విషయంలో నేను సారు పక్షమే. ఆ రికార్డుల వల్లే చదువురాని ఇళ్లలో కూడా గ్రాంథికం నాలుక మీద ఆడింది.

ఒకసారి మౌల్సాబ్ రికార్డు ఒకటి కింద పడి విరిగింది. ఎవరి చేతిలోంచి జారిందో ఆ పిల్లవాడి పేరు ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. మౌల్సాబ్ ముక్కలు ఏరి, ఒకదాన్ని దీపం దగ్గర కొంచెం వేడి చేసి మా ముక్కుల దగ్గర పెట్టాడు. లాడ్‌బజార్‌లో గాజులు చేసేచోట వచ్చే వాసనే. "మీ అమ్మల చేతులకు ఉన్నదీ ఇదే, మన పాటకు ఉన్నదీ ఇదే. చెట్టు మీద పురుగు పెట్టిన భిక్ష" అన్నాడు. మోదుగు మీద, రేగు మీద లక్క పురుగులు కట్టే పొరను గీకి, కరిగించి, శుద్ధి చేస్తే వచ్చేదే ఆ పదార్థం. ప్రపంచంలో ఎక్కడ 78 రికార్డు మోగినా దాంట్లోని లక్క చాలావరకు మన దేశపు అడవులదే. పిల్లవాడి ఏడుపు మాన్పడానికి ఎత్తుకున్న ముచ్చట అది. మరుసటి శనివారం మౌల్సాబ్ ఇంకో రికార్డు తెచ్చి అదే పిల్లవాడి చేతికిచ్చి, నువ్వే పెట్టమన్నాడు.

1980లలో క్యాసెట్టు వచ్చింది. చాలామంది రికార్డు పోవడానికి క్యాసెట్టు చవక కావడం కారణమంటారు. అది నిజమే గానీ మా అర్ర ఖాళీ కావడానికి కారణం వేరు. కోఠీలో రికార్డింగ్ దుకాణాలు వెలిశాయి. కాగితం మీద పాటల పేర్లు రాసి ఇస్తే ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చేవాళ్లు. ఒకరి రికార్డును ఒక్కసారి దుకాణానికి తీసుకపోతే చాలు, ఊళ్లో ప్రతి ఇంటికీ ఆ పాట చేరేది, అసలుది ఏమీ తరగకుండా. ఇంకెవరూ ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఇచ్చినందుకు పోయేదేమీ లేనప్పుడు ఇవ్వడంలో బరువు ఉండదు, పుచ్చుకోవడంలో భయం ఉండదు. పైలంగా తిరిగి తేవాల్సిన అవసరం లేని పాట కోసం శనివారం దాకా ఎవరు ఆగుతారు? దర్వాజ దగ్గర నిలబడి వినే ఆడవాళ్లకు మాత్రం క్యాసెట్టు మేలే చేసింది. వాళ్ల పాట వాళ్ల వంటింట్లోకే వచ్చింది, ఎవరి చేతా చెప్పి పంపాల్సిన పని లేకుండా. ఆ మేలును నేను తక్కువ చేయను.

స్టేషన్ ఆయనకు బదిలీ అయింది. మేనమామ లారీ అమ్మేశాడు. సారు పోయిన రోజు ఆ గీత రికార్డే పెట్టాం, గరగరతోనే. తర్వాత విమానాశ్రయం మాట మొదలైంది. ఐదున్నర వేల ఎకరాల దాకా భూమి తీసుకున్నారు. చుట్టుపక్కల ఊళ్లు కొన్ని లేచిపోయాయి, లేవని ఊళ్లలో భూముల ధర లేచింది. ఇళ్లు అమ్ముకుని మనుషులు అత్తాపూర్‌కో, మెహదీపట్నంకో, ఇంకా దూరానికో పోయారు. అటకలు దులిపినప్పుడు రికార్డులు పాత సామాన్ల బండి ఎక్కాయి. జుమ్మేరాత్ బజార్‌లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో తెలిసినవాళ్ల చేతిరాత ఉన్న అట్టలు నాకు కనిపించాయి. దొరికినవి కొన్నాను. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు ఒక్కరే ఇంటినిండా పోగుచేసి, వాటి గురించి ఆలాపన పేరుతో రాసినట్టు, ప్రతి జిల్లాలో ఒకరైనా ఉండి ఉంటే మన పాట చరిత్ర ఇన్ని చోట్ల తెగిపోయేది కాదు. స్టేజీ నటుల పద్యాలు, లలితగీతాలు, ఊరి ఖవ్వాలీలు ఎన్నో ఆ రికార్డుల్లో తప్ప ఇంకెక్కడా లేవు.

ఇప్పుడు కుర్రవాళ్లు మళ్లీ రికార్డులు కొంటున్నారు. అమెరికాలో 2022లో సీడీల కంటే ఇవే ఎక్కువ అమ్ముడుపోయాయి. అక్కడి మా బంధువుల పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు తాతల అటకల గురించి నన్ను అడుగుతున్నారు. సంతోషమే. వాళ్లకు నేను చెప్పేవి కొన్ని ఉన్నాయి, ఇక్కడా రాస్తాను. మీ ఇంట్లో బరువుగా, గాజులా పెళుసుగా ఉండే పాత రికార్డులుంటే వాటిని ఇప్పటి ప్లేయర్ల మీద పెట్టకండి. చాలా వాటికి 33, 45 వేగాలే ఉంటాయి, ముల్లు కూడా ఎల్పీకి సరిపోయే సన్నది. 78 గాడి దానికి మూడు రెట్ల వెడల్పు, దానికి వేరే ముల్లు అడిగి తెప్పించుకోవాలి. దొంతరగా పడుకోబెట్టొద్దు, నిలబెట్టండి. స్పిరిట్‌తో అసలే తుడవొద్దు, లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. పారేసేముందు లేబుల్ మీది కంపెనీ పేరు, నంబరు, గాయకుల పేర్లు రాసుకోండి. అట్ట మీద సిరాతో రాసిన పేరు మీ ఇంటివాళ్లది కాకపోతే అది చేబదులు వచ్చిన రికార్డని అర్థం. ఆ ఇంటివాళ్లు ఎక్కడున్నారో కనుక్కుని కబురు పెట్టండి. వాళ్ల దగ్గర ప్లేయరు లేకపోతే ముందు మీ ఇంట్లో కూర్చోబెట్టి వినిపించి, తర్వాత చేతికివ్వండి.